చలికాలపు కూరల గంప: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. నెల్లూరు, ఒంగోలు పరిసరాల్లో ఎకరమో రెండెకరాలో సేంద్రియ పద్ధతిలో కూరగాయలు పండించి, వారానికొకసారి గంపల లెక్కన ఇళ్ళకు పంపే రైతులు ఇప్పుడు కొందరు ఉన్నారు. గంపలోకి ఏమి రావాలన్నది చేను చెప్పినట్టే సాగుతుంది గనుక, అంగడికి వెళ్ళి కావలసినది ఏరుకుని తెచ్చుకోవడానికి అలవాటుపడిన వంటింటికి కొన్ని చిక్కులు తప్పడం లేదు. అటువంటి ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: కోవూరు దగ్గరి ఒక చిన్న సేంద్రియ తోట నుంచి ప్రతి శనివారం మాకు కూరగాయల గంప వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ప్రతి వారమూ ముల్లంగి, క్యాబేజీ, పాలకూర తప్పడం లేదు. ఆకుకూర మూడో రోజుకే పండిపోతోంది. ముల్లంగి వాసనకు పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు. క్యాబేజీ ఎప్పటిలాగే వండితే నీళ్ళోడుతోంది. డబ్బు పెట్టి కొన్న కూరను పారవేయాలంటే మనసొప్పడం లేదు. ఏమి చేయమంటారు?
– ఒక గృహిణి, నెల్లూరు

సమాధానం: మీరు వండే తీరులో తప్పేమీ లేదు. ఆ తీరు లారీలో దూరం నుంచి వచ్చి, బస్తాల్లో నాలుగు రోజులు మగ్గిన కూరకు సరిపోయేది. నిన్న సాయంత్రం కోసిన కూరకు నీళ్ళు, మంట, వేళ అన్నీ వేరుగా ఉండాలి. కూర పేరు చూసి కాక, అది ఎంత లేతది, కోసి ఎన్నాళ్ళయింది అన్నది చూసి వండడం అలవాటైతే మీ మూడు ఇబ్బందులూ చాలావరకు తీరుతాయి.

గంప ఇంటికి రాగానే మొదట చేయవలసిన పని ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ దుంపల నుంచి ఆకులను కోసి వేరుచేయడం. ఆకు దుంపకు అంటి ఉన్నంతసేపు అది దుంపలోని తేమను లాగుతూనే ఉంటుంది. రెండు రోజుల్లో ఆకూ వాడుతుంది, దుంపా మెత్తబడుతుంది. ఆకుకూరలను కడిగి దాచకండి. మట్టి దులిపి, పండుటాకులు ఏరివేసి, పొడి నూలు గుడ్డలో చుట్టి ఉంచి, వండే ముందు మాత్రమే రెండు మూడు నీళ్ళతో కడగండి. శని, ఆదివారాల్లో ఆకుకూరలు, సోమ, మంగళవారాల్లో కాలీఫ్లవర్, చిక్కుడు, ఆ తరువాత క్యాబేజీ, దుంపలు అనే వరుస పెట్టుకుంటే పారవేయవలసినది పెద్దగా మిగలదు. అన్ని ఆకులూ కొంచెం కొంచెంగా మిగిలిపోయిన రోజున మన నెల్లూరు పులగూర ఉండనే ఉంది: పాలకూర, తోటకూర, ముల్లంగి లేతాకు ఏది ఉంటే అది, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలు కలిపి ఉడికించి, చివర చింతపండు వేసి పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డతో తిరగమాత పెడితే మూడు గుప్పెళ్ళ ఆకు ఇంటిల్లిపాదికీ ఒక పూట కూర అవుతుంది. చుక్కకూర కూడా వచ్చిందంటే చింతపండు అవసరమే ఉండదు.

ముల్లంగి ఘాటు ఎక్కువగా దాని తొక్కలోనూ, తొక్క కిందనే ఉండే పొరలోనూ ఉంటుంది. ముల్లంగిని కోసినప్పుడు, ముఖ్యంగా కోరినప్పుడు, లోపల విడివిడిగా ఉన్న పదార్థాలు కలుసుకుని ఆ ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ చర్య ఆగిపోతుంది. అందువల్ల తొక్క కాస్త మందంగా తీసి, చక్రాలుగా తరిగి, ఆలస్యం చేయకుండా వేడి నూనెలో వేసి నాలుగైదు నిమిషాలు వేయించి, ఆపైన పప్పుచారులో వేస్తే వాసన తగ్గి ముక్క తియ్యగా ఉంటుంది. ముందే తరిగి గిన్నెలో మూతపెట్టి ఉంచితే మూత తీసినప్పుడు వచ్చే వాసనకు పిల్లలే కాదు, పెద్దలూ పారిపోతారు. ముల్లంగి ముక్కలను నీరంతా ఇగిరేదాకా వేయించి, ఎండుమిరపకాయలు, వేయించిన వేరుసెనగపప్పు, చింతపండు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే అది ముల్లంగి అని చెబితే తప్ప తెలియదు. లేతాకును పెసరపప్పుతో కలిపి వండండి. ముదురాకు గరుకుగా ఉంటుంది, దాన్ని పశువుకు వేయడమే మేలు.

క్యాబేజీ సంగతికి వస్తే, తాజా గడ్డలో నీరు నిండుగా ఉంటుంది కాబట్టి దానికి మళ్ళీ నీళ్ళు పోయనక్కరలేదు. వెడల్పాటి మూకుడులో, మూత లేకుండా, కొంచెం పెద్ద మంట మీద మొదలుపెట్టి, ఉప్పును దించబోయే ముందు వేయండి. ఉప్పు ముందే పడితే ఆకులోని నీరంతా బయటికి వచ్చేస్తుంది. అరగంట నానిన పెసరపప్పును వడకట్టి అందులో వేస్తే మిగిలిన తేమను పప్పు పీల్చుకుంటుంది. ఎక్కువసేపు మూతపెట్టి ఉడికించిన క్యాబేజీలో గంధక సంబంధమైన వాయువులు పుట్టి ఆ తెలిసిన దుర్వాసన వస్తుంది, కనుక ముక్క కాస్త బిరుసుగా ఉండగానే దించడం మంచిది. పైన ఉండే ముదురు ఆకుపచ్చ రేకులను అంగడిలో ఒలిచి పారేస్తారు గాని, మీ గంపలో అవి ఉంటే సన్నగా తరిగి వడపిండిలో కలపండి.

ప్రశ్న: నవంబరులో రెండు వారాలు గంప రాలేదు, వచ్చిన వారం అందులో కాయలే తప్ప ఆకు లేదు. అంగడిలో మాత్రం అన్నీ దొరికాయి. ఇది రైతు అశ్రద్ధ కాదా?
– అల్లూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: కాదనే నా అభిప్రాయం. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి వానలే ప్రధానమైతే, నెల్లూరు జిల్లాకు సంవత్సరపు వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. వాయుగుండం పట్టిన వారంలో మడిలో నీరు నిలిస్తే పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేళ్ళు కుళ్ళిపోతాయి. అంగడికి నాలుగు జిల్లాల నుంచి సరుకు వస్తుంది. మీ రైతుకు ఉన్నది ఒక్క చేను. వాన వెలిసిన తరువాత చల్లిన మెంతికూర మూడు నాలుగు వారాలలో కోతకు వస్తుంది, కాబట్టి డిసెంబరు చివరి గంపలను చూసి అప్పుడు తీర్పు చెప్పండి.

ప్రశ్న: సేంద్రియ కాలీఫ్లవర్ అని తెచ్చుకుంటే పువ్వు చిన్నది, లేత పసుపు రంగులో ఉంది, లోపల పచ్చ పురుగులు. పురుగు ఉంటే మందు కొట్టలేదనడానికి గుర్తని రైతు అంటున్నారు. నమ్మవచ్చునా? ఆ పువ్వును తినవచ్చునా?
– కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: తినవచ్చు. పురుగే సాక్ష్యం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకుల మీద కనిపించే ఆ చిన్న పచ్చ పురుగు చాలాసార్లు డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల. ఇది మందులకు లొంగకపోవడంలో పేరు మోసినది. 1953లోనే జావా దీవిలో డీడీటీకి తట్టుకున్నట్టు తేలింది, ఆ తరువాత వచ్చిన మందులకూ ఒకదాని వెంట ఒకటిగా అలవాటుపడుతూ వచ్చింది. కాబట్టి వారం వారం మందు కొట్టిన చేనులోనూ ఈ పురుగు ఉండవచ్చు, ఒక్క చుక్క కొట్టని చేనులో లేకపోనూవచ్చు. మీ రైతు మాట నిజమో కాదో తెలుసుకోవాలంటే ఒక ఆదివారం తోటకు వెళ్ళి చూడండి. క్యాబేజీ వరుసల మధ్య అక్కడక్కడ ఆవ మొక్కలు కనిపిస్తే అవి ఆ పురుగును తమవైపు లాక్కోవడానికి వేసినవి. సాధారణంగా ఇరవై ఐదు వరుసలకు రెండు వరుసల చొప్పున వేస్తారు. గట్టున జీవామృతం తొట్టి ఉంటుంది. పశువుల పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు చేను మట్టి వేసి 200 లీటర్ల నీళ్ళలో కలిపి ఎకరానికి వాడతారు. ఈ పనులు చేస్తున్న మనిషి వాటి గురించి అడిగితే గంటసేపు చెబుతారు, మీరు అడగకపోయినా చెబుతారు.

పసుపు రంగుకు కారణం ఎండ. పువ్వు అరచేతి మందానికి రాగానే చుట్టూ ఉన్న ఆకులను పైకి మడిచి కట్టివేస్తే తెల్లగా ఉంటుంది. కూలీ దొరకకనో తీరికలేకనో కట్టకపోతే పసుపెక్కుతుంది. రుచిలో చెప్పుకోదగిన తేడా ఉండదు. పువ్వు మీద బియ్యపు గింజలు చల్లినట్టు ఉంటే పగలూ రాత్రీ వేడిలో వచ్చిన హెచ్చుతగ్గులు కారణం. మన కోస్తాలో చలి అంతంతమాత్రమే, డిసెంబరు రాత్రుల్లో కూడా నెల్లూరులో ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది గనుక ఇక్కడి పువ్వు ఉత్తరాది పువ్వంత గట్టిగా, పెద్దదిగా రాకపోవడం సహజం. వదులు పువ్వు త్వరగా ఉడుకుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

పురుగు పోవడానికి పువ్వును పెద్ద రెబ్బలుగా విడదీసి, ఉప్పు, పసుపు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో తలకిందులుగా పది పదిహేను నిమిషాలు ఉంచితే పురుగులు విడిచి నీళ్ళలోకి వస్తాయి. మరిగే నీళ్ళు పోస్తే అవి పువ్వులోనే చచ్చి అంటుకుంటాయి, ఆపైన ఏరడం కష్టం. కాడను, పువ్వును అంటిపెట్టుకున్న లేతాకులను పారవేయకుండా సన్నగా తరిగి, నువ్వులతో పచ్చడి చేసి చూడండి. మా ఇంట్లో పువ్వు కూర మిగులుతుంది గాని ఆ పచ్చడి మిగలదు.

ప్రశ్న: పందిరి చిక్కుడు సంక్రాంతి దాటితే గాని సరిగా కాయదు ఎందుకు? తెచ్చిన చిక్కుళ్ళు ఎంతసేపు ఉడికించినా పులుసులో పీచుపీచుగా, గట్టిగా ఉంటున్నాయి. మా అత్తగారు వండితే మెత్తగా ఉండేవి.
– ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు చలిలో కంటే పగటి పొడవులో ఉంది. నాటు పందిరి చిక్కుడు పగలు కురచై రాత్రి పొడవైతే తప్ప పూతకు రాదు. ఆషాఢంలో విత్తినా, శ్రావణంలో విత్తినా తీగ పందిరంతా అల్లుకుని ఆకు వేస్తూ ఉంటుందే గాని, పూత కార్తీకం దగ్గరపడ్డాకనే. కాపు పుష్య, మాఘాల్లో ఉధృతంగా ఉంటుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, పిడకల మంట మీద పాలు పొంగించి వండిన పరమాన్నాన్ని చిక్కుడాకుల మీద సూర్యుడికి నివేదించే ఆచారం ఆ కాపు కాలంతో అతికినట్టు సరిపోతుంది. ఇప్పుడు అంగడిలో ఏడాది పొడవునా కనిపించే చిక్కుడు పగటి పొడవును పట్టించుకోని పొట్టి రకాలది. వాటికి నాటు చిక్కుడు వాసన రాదు. ఈ విషయంలో నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

రెండవ ప్రశ్నకు కారణాలు మూడు ఉండవచ్చు. మొదటిది చింతపండు. కూరగాయ ముక్కను బిగించి ఉంచే పదార్థం పులుపులో సులభంగా కరగదు. పచ్చి చిక్కుళ్ళను చింతపండు పులుసులోనే వేసి ఉడికిస్తే గంటసేపు మరిగినా గట్టిగానే ఉంటాయి. కొత్త కాపురంలో నేను పెట్టిన మొదటి చిక్కుడు పులుసు సరిగ్గా అలాగే అయింది. ముక్కలు పళ్ళెం అంచున వరుసగా చేరాయి. నూనెలో ఎర్రగడ్డతో పాటు చిక్కుళ్ళను మగ్గించి, కాసిని నీళ్ళు చిలకరించి, గింజ వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికిన తరువాత మాత్రమే పులుసు పోయండి. పులుపు పోసిన తరువాత ఆకుపచ్చ రంగు తగ్గి బూడిద ఛాయ వస్తుంది, దానికి చేయగలిగినది లేదు. రంగు కోసం తినే సోడా వేయడం కొందరికి అలవాటు. దాని వల్ల పచ్చదనం నిలిచేది నిజమే అయినా ముక్క జావైపోతుంది, విటమిన్లు కొన్ని నశిస్తాయి.

రెండవది నీళ్ళు. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉంటే పప్పులు, గింజలు ఉడకడానికి చాలాసేపు పడుతుంది. మీ ప్రాంతంలో చాలా చోట్ల ఈ సమస్య ఉంది. గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతున్నట్లయితే వంటకు తాగే నీళ్ళు వాడి చూడండి. మీ అత్తగారు బావి నీళ్ళతో వండేవారేమో కనుక్కోండి.

మూడవది కాయ వయసు. కాయను రెండుగా విరిస్తే చప్పుడుతో విరిగి నార తేలిగ్గా ఊడిరావాలి. గింజ ఉబ్బి కాయ మీద గడ్డలుగా కనబడుతుంటే దాన్ని కాయ కూరగా వండే ప్రయత్నం మానుకుని, గింజలు ఒలిచి వంకాయతో వండండి, తొక్కలు పశువులకు వేయండి. కోస్తా ఇళ్ళలో లేత చిక్కుడును ఎండు రొయ్యలతో కలిపి వండుకుంటారు. రొయ్యలను ముందు పొడిగా వేయించి, తల, తోక తీసి, కడిగి, చిక్కుడు ముప్పాతిక ఉడికాక వేస్తే చాలు. పందిరి మీదనే ఎండిన గింజలను దాచుకునేవారికి ఒక హెచ్చరిక: ముదిరిన చిక్కుడు గింజలను, ముఖ్యంగా నల్లవాటిని, పచ్చిగా నమలకూడదు. రాత్రంతా నానబెట్టి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి వండాలి.

జనవరి చివర చిక్కుడు కాయలకు నల్లటి పేనుబంక పట్టడం మామూలు. నీళ్ళలో చేత్తో రుద్ది కడిగితే పోతుంది. దాన్ని చూసి గంప వెనక్కి పంపవలసిన పని లేదు.

ప్రశ్న: మా పెరట్లో పశువుల ఎరువు వేసి క్యారెట్ పండించాను. పొట్టిగా, రెండు కాళ్ళుగా చీలి, పైభాగం పచ్చగా వచ్చాయి. తియ్యదనం తక్కువ. కారణమేమిటి?
– చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు

సమాధానం: గ్రానైట్‌కు పేరుపడ్డ ఊరి నేలలో క్యారెట్ తిన్నగా దిగాలంటే దానికి చాలా ఓపిక కావాలి. చిన్న రాయి తగిలినా, చివకకుండా వేసిన పచ్చి పేడ తగిలినా వేరు చీలుతుంది. ఒక అడుగు లోతున మట్టిని జల్లించి, ఇసుక కలిపి, ఎరువును గత పంటకే వేసిన మడిలో విత్తండి. నారు పోసి నాటకండి. దుంప తల నేల పైకి వచ్చి ఎండ తగిలితే పచ్చబడి కొంచెం చేదెక్కుతుంది. మట్టి ఎగదోస్తే సరిపోతుంది, ఇప్పటికే పచ్చబడిన భాగాన్ని వండేటప్పుడు కోసివేయండి. రాత్రి వెచ్చగా ఉంటే మొక్క పగలంతా కూడబెట్టిన చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటుంది, అందువల్ల మన వైపు క్యారెట్‌కు ఊటీ క్యారెట్ తీపి రాదు. హల్వా ఆశ వదులుకుని, పచ్చికొబ్బరి వేసి వేపుడు చేయండి. క్యారెట్‌లో విటమిన్ ఎ గా మారే పదార్థం కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది గనుక నూనెకు మరీ వెనుకాడకండి.

ప్రశ్న: నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని మాత్రలు ఇచ్చారు. మావారికి మూత్రపిండాల్లో రాయి వచ్చి తగ్గింది. ఈ కాలపు గంపలో క్యాబేజీ నాకు పనికిరాదని, పాలకూర–టమోటా ఆయనకు పనికిరాదని ఇరుగుపొరుగు అంటున్నారు. ఇక మేము ఏమి తినాలి?
– సింగరాయకొండ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, నూల్‌కోల్ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిలో థైరాయిడ్ పనికి అడ్డువచ్చే పదార్థాలు ఉన్నమాట వాస్తవమే. అయితే ఉడికించినప్పుడు వాటి ప్రభావం చాలా తగ్గుతుంది. అయోడిన్ ఉప్పు వాడుతూ, మాత్రను పరగడుపున క్రమం తప్పక వేసుకుంటూ, వారానికి రెండు మూడుసార్లు వండిన క్యాబేజీ తినడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. రోజూ గ్లాసుల కొద్దీ పచ్చి రసం తాగే అలవాటు మాత్రం వద్దు.

మీ వారి విషయంలో నింద పడవలసినది పాలకూర మీదనే. రాయి కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్ అనే పదార్థం టమోటాలో తక్కువ, ఆ జంట సామెతలో అది అనవసరంగా ఇరుక్కుంది. రాయి కాల్షియం ఆక్సలేట్‌దని వైద్యులు చెప్పి ఉంటే పాలకూరతో పాటు తోటకూర, చుక్కకూర, బీట్‌రూట్ కూడా తగ్గించవలసినవే. ఎప్పుడైనా తినాలనిపిస్తే ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, అదే భోజనంలో పెరుగు తినడం వల్ల ఒంటికి పట్టే ఆక్సలేట్ తగ్గుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి ఆయనకు ఇబ్బంది లేనివే. మీరు వద్దనుకున్న గంప ఆయనకూ, ఆయన వద్దనుకున్నది మీకూ పనికివస్తుంది గనుక మొత్తం మానవలసిన అవసరం లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు మీ వైద్యుడి చెవిన వేయండి. రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవారు కూడా ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని మారుస్తుంది.

ప్రశ్న: బీట్‌రూట్ ఆకు తినవచ్చునా? బీట్‌రూట్ తిన్న మరునాడు మా అబ్బాయికి మూత్రం ఎర్రగా వచ్చి హడలిపోయాము.
– టంగుటూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: నిరభ్యంతరంగా తినవచ్చు. మన వైపు పాలకూర పేరుతో అమ్మే ఆకు నిజానికి బీట్‌రూట్ జాతిలోదే, దుంప ఊరని చుట్టం. కాడలను సన్నగా తరిగి ముందు వేసి, అవి మెత్తబడ్డాక ఆకు వేసి, కందిపప్పుతో ఎనపండి. ఎర్రని మూత్రం కొందరికి బీట్‌రూట్ రంగు అరగకుండా బయటికి పోవడం వల్ల వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. బీట్‌రూట్ తినని రోజున కూడా అలా కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుడికి చూపించండి.